బియ్యం డబ్బాలో బరువులు

"ఇవేంటి?" అని మూడోసారి అడిగాడు పార్థసారథి.

మూడోసారి కూడా ఇంద్రాణి నోరు విప్పలేదు. కళ్ళెదురుగా ఉన్నవాటిని విప్పి చెప్పడానికేముంది? డైనింగ్ టేబుల్ మీద న్యూస్ పేపర్ పరిచి, దాని మీద రెండు గులాబీరంగు డంబెల్స్, కాళ్ళకు కట్టుకునే రెండు ఇసుక సంచులు వరసగా పేర్చాడాయన. దొంగసొత్తు దొరికాక పోలీసులు ఫొటోకి పెట్టినట్టు. డంబెల్స్‌కి ఇంకా బియ్యప్పొడి అంటుకునే ఉంది.

నిజానికి వాటిని పట్టుకున్నది ఆయన కాదు, ఆయన అక్క ధనమ్మ. తమ్ముడి భార్యకి రెండు కిడ్నీలూ పోయాయని, ఇక డయాలిసిస్ మిషను మీదే బతుకని తెలిసిన వారంలోనే విజయనగరంలో రైలెక్కి వచ్చి, ఢిల్లీ ద్వారకాలోని ఈ మూడో అంతస్తు ఫ్లాట్లో వంటిల్లు స్వాధీనం చేసుకున్న మనిషి. పొద్దున్నే బియ్యం కొలుద్దామని డబ్బాలో చెయ్యి పెడితే ఇనుము తగిలింది. ఆవిడ పెట్టిన కేకకి కింద ఫ్లాట్ సర్దార్జీ చాయ్ గ్లాసుతో సహా బాల్కనీలోకొచ్చి నిలబడ్డాడు.

"నాను పావనుకున్నాన్రా సారధీ," అంది ధనమ్మ, గుండె మీద చెయ్యి ఇంకా తియ్యకుండా. "సల్లగా తగిలింది సేతికి. బియ్యం డబ్బాలో ఇనప గుళ్ళు దాసుకున్న కొంపని నా పుట్టకకి సూళ్ళేదు."

"నువ్వుండప్పా," అన్నాడు పార్థసారథి. "ఇంద్రా, నిన్నే. ఇవేంటి?"

"డంబెల్స్," అంది ఇంద్రాణి. "ఉస్తాద్ గారికి తెలీవా?"

ఆ ఉస్తాద్ అన్న మాట సూదిలా దిగింది. దిగాలనే అంది ఆవిడ. పార్థసారథి సైన్యంలో ఉన్నన్నాళ్ళూ రిక్రూట్‌లకి పీటీ నేర్పిన మనిషి. కంటోన్మెంట్ వైపు వెళ్తే ఇప్పటికీ మీసాలు నెరిసిన హవల్దార్లు సైతం "ఉస్తాద్ జీ, రామ్ రామ్" అని ఆగి నిలబడతారు. దేశం నలుమూలల కుర్రాళ్ళకీ కండలు పెంచిన ఈ మహానుభావుడు ఇంట్లో పెళ్ళాన్ని నీళ్ళ చెంబు కూడా ఎత్తనివ్వడు.

మొదట్లో అది మంచి జాగ్రత్తే. ఇంద్రాణి ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టి, డయాలిసిస్ సూదులు దిగడానికి ఫిస్టులా చేశారు. ఆ చేతికి గాజులుండకూడదు, బీపీ పట్టీ చుట్టకూడదు, దాని మీద పడుకోకూడదు. డాక్టర్లు చెప్పింది అంతవరకే. పార్థసారథి ఆ జాగ్రత్తని ఎడమ చేతి నుంచి కుడి చేతికి, అక్కణ్ణుంచి కాళ్ళకి, చివరికి మనిషి మొత్తానికీ పొడిగించాడు. మంచం మీంచి లేవాలంటే ఆయన చెయ్యి. సోఫాలోంచి లేవాలంటే ఆయన చెయ్యి. మెట్లు దిగాలంటే ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి చెరోవైపు పట్టుకునే ఇద్దరు వాచ్‌మన్లు. గాజుబొమ్మని కూడా ఎవరూ ఇంత భద్రంగా దాచి ఉండరు.

"ఎప్పట్నుంచి నడుస్తోంది ఈ తమాషా?"

"దీపావళి వెళ్ళినప్పట్నుంచి."

"ఎవరు చెప్పారు నీకు చెయ్యమని?"

"డయాలిసిస్ సెంటర్లో డాక్టరమ్మ. నేర్పింది అక్కడి ఫిజియో, శ్రీవల్లి. మిషను మీద మొదటి గంట గడవకముందే కాళ్ళకి ఈ సంచులు కట్టించి ఎత్తిస్తుంది. తర్వాత బీపీ పడిపోతుందని చెయ్యనివ్వదు. మీరు బయట బెంచీ మీద కూచుని పేపర్ చదువుతుంటారుగా, అప్పుడు. ఇంట్లో అయితే మీరు మిలిటరీ క్యాంటీన్‌కి వెళ్ళినప్పుడు, వదిన సీరియల్లో మునిగినప్పుడు."

"అదిగో, మద్దిలోకి నా సీరియల్ని లాగకు," అంది ధనమ్మ.

పార్థసారథి మొహం కందగడ్డ అయింది. జేబులోంచి ఫోన్ తీసి భార్య మొహం ముందు పెట్టాడు. నిన్నటి రక్తపరీక్ష.

"చూడు. క్రియాటినిన్ ఎనిమిది దాటింది. దసరాకి ఆరుండేది. ఆరు! తొమ్మిది నుంచి ఆరుకి దింపడానికి నేనెంత తంటాలు పడ్డాను? కూరగాయలు రెండుసార్లు ఉడకబెట్టి నీళ్ళు వార్చింది ఎవరు? నీ నీళ్ళ గ్లాసు కొలిచింది ఎవరు? నిన్ను కదలకుండా పడుకోబెట్టింది ఎవరు? ఇవాళ ఎనిమిది! ఇందుకు!" అని డంబెల్‌ని వేలితో పొడిచాడు. అది దొర్లి కిందపడబోతుంటే ఇంద్రాణి కుడిచేత్తో ఒడుపుగా పట్టుకుని, నెమ్మదిగా మళ్ళీ టేబుల్ మీద పెట్టింది.

ఆ పట్టుకోవడం అందరూ చూశారు.

"అందుకే హాస్పిటల్‌కి ఫోన్ చేశాను," అన్నాడు పార్థసారథి, గొంతు తగ్గించి. "ఇవాళ్టి పరీక్షకి రావట్లేదని చెప్పేశాను. బస్. ఖతమ్."

ఇంద్రాణికి ఒక్క క్షణం చెవులు పనిచెయ్యలేదు.

ఇవాళ్టి పరీక్ష కోసమే కదా ఈ దొంగతనమంతా! పోయిన దీపావళి ముందు వసంత్ కుంజ్ ఆస్పత్రిలో, కిడ్నీ మార్చే డాక్టరమ్మ ఆవిణ్ణి ఒక మామూలు కుర్చీలో కూచోబెట్టి, "చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి" అంది. ఇంద్రాణి ఒక్కసారి కూడా లేవలేకపోయింది. తొడలు వణికాయి గాని మనిషి కుర్చీని వదల్లేదు. "ఇంత బలహీనంగా ఉంటే ఆపరేషన్ తట్టుకోలేరు. కాళ్ళలో బలం తెచ్చుకుని రండి, మళ్ళీ చూస్తాను" అని పంపేసింది డాక్టరమ్మ. కిడ్నీ ఇవ్వడానికి మొగుడు సిద్ధంగా ఉన్నాడు, రక్తం కలిసింది, అంతా కుదిరింది. అడ్డొచ్చినవి తన రెండు కాళ్ళే. ఆ అవమానాన్ని ఇంద్రాణి రోజూ కాలికి కట్టుకుని ఎత్తింది.

"నన్నడక్కుండా చెప్పేశారా?"

"అడిగితే ఏమంటావో తెలుసు."

"తెలిసే అడగలేదన్నమాట."

"అది కాదమ్మా ఇందరాణీ," ధనమ్మ కల్పించుకుంది. "రోగిష్టి మనిసికి బరువులెందుకే? నీరసంగున్నప్పుడు పడుకోవాల. మా ఊళ్ళో అయితే..."

"మీ ఊళ్ళో నాలాంటివాళ్ళు ఎంతమంది బతికి బట్టకట్టారు వదినా?"

ధనమ్మ నోరు మూతపడింది. అది అరుదైన సంఘటన.

ఇంద్రాణి మొగుడి వైపు తిరిగింది. నెలలుగా గొంతులో ఇరుక్కున్న మాట, మింగలేక కక్కలేక తిరిగిన మాట, ఇక ఆగలేదు.

"దసరాకి అంకె ఆరుకి దిగితే మీరేం చేశారో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? గుడికెళ్ళాను. బ్లాకంతా లడ్డూలు పంచాను."

"అది ఎందుకు దిగిందో తెలుసా? కిడ్నీలు బాగుపడి కాదు. అవి బాగుపడవు, ఆ ముచ్చట ఎప్పుడో ముగిసింది. ఆ అంకె కండలోంచి పుడుతుంది. కండ ఎక్కువుంటే ఎక్కువ, తక్కువుంటే తక్కువ. మీరు నన్ను మంచానికి అతికించేశారు, నాకు తిండి సహించలేదు, తొడలు పుల్లలయ్యాయి. అంకె దిగింది. మీరు లడ్డూలు పంచింది నా ఒంట్లో కండ కరిగినందుకు."

పార్థసారథి ఏదో అనబోయాడు.

"ఇంకా ఉంది. ఆ ఒక్క అంకెనీ పట్టుకుని ఊగకూడదంది డయాలిసిస్ డాక్టరమ్మ. మిషను రక్తాన్ని సరిగ్గా కడుగుతోందా లేదా అన్నదానికి వేరే లెక్కుంది. అది బావుంది. పొటాషియం బావుంది. తిండి తింటున్నాను. కాళ్ళకి కండ పట్టింది, అంకె పెరిగింది. ఎనిమిది చూసి మీరు ఏడుస్తున్నారు. నేను నిన్న ఆ ఎనిమిది చూసి బాత్రూమ్‌లోకెళ్ళి నవ్వుకున్నాను."

"ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"లడ్డూల డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు మీరు. ఏడాదిగా మీ మొహంలో నవ్వు లేదు. ఆ పూట ఉంది. ఎలా చెప్పమంటారు?"

కాలనీలో ఎవరో సబ్జీవాలా కేకేసుకుంటూ పోతున్నాడు. అక్కడితో ఆగిపోతే ఆ ఇల్లు ఆ పూటకి కుదుటపడేదే. కానీ ఓడిపోతున్న మగవాడు చేతికందిన రాయి విసరకుండా ఉంటాడా?

"నాకు పాఠాలు చెప్పకు," అన్నాడు పార్థసారథి. "కిడ్నీ ఇచ్చేది నేను. ఎప్పుడివ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో, నేను చెప్తాను."

"ఒరే సారధీ!" అంది ధనమ్మ, తమ్ముణ్ణి చూస్తూ. "అదేం మాటరా? నోరా అది?"

ఇంద్రాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడకి ఇచ్చే నీళ్ళే కొలత ప్రకారం. వాటిని ఇలాంటి మాటకి ఖర్చుపెట్టదలుచుకోలేదు.

"సరే," అంది. "మీ కిడ్నీ మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి. కాళ్ళు మాత్రం నావి. పరీక్ష నాది. నేను వెళ్తున్నాను."

అని కుర్చీలోంచి లేచింది. చేతులు టేబుల్ మీద ఆనించలేదు. ఎవరి చెయ్యీ అడగలేదు. మోకాళ్ళ మీద బరువు వేసి, వెన్ను నిటారుగా, అలా లేచి నిలబడింది.

అలవాటుగా ముందుకి చాచిన పార్థసారథి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఆ చెయ్యి పట్టుకునే లేచింది. అవసరం లేకపోయినా, కనీసం నెల్లాళ్ళుగా. ఆ సంగతి ఆయనకిప్పుడు అర్థమైంది. తను పట్టుకుని లేపుతున్న మనిషి తనని మోస్తోందని.

గది తలుపు తీసుకుని శరణ్య బయటికొచ్చింది. ఇరవై ఐదేళ్ళ పిల్ల, గురుగ్రామ్‌లో ఉద్యోగం. చెవిలో ఇయర్‌ఫోన్, భుజాన లాప్‌టాప్ బ్యాగు, చేతిలో కారు తాళాలు. లోపల్నుంచి అంతా విన్నట్టే ఉంది.

"చలో మమ్మీ. మై ఛోడ్ దేతీ హూఁ," అంది. తనే కారులో దింపుతుందట. ఢిల్లీలో పుట్టిన పిల్ల. తెలుగు తిట్టినా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే.

"నీకూ తెలుసా ఇదంతా?" అన్నాడు తండ్రి.

"డంబెల్స్ ఖరీదే కిస్‌నే, పాపా?" అంది శరణ్య, కొన్నది తనేనన్నట్టు, చాలా మామూలుగా.

తిలాపాపం తలా పిడికెడు. పార్థసారథి అక్క వైపు చూశాడు, నువ్వు కూడానా అన్నట్టు. "నాకేటి తెలుసురా, ఒట్టు," అంది ధనమ్మ. అంటూనే వంటింట్లోకి పరుగెత్తి, రెండు ఇడ్లీలు డబ్బాలో పెట్టి తెచ్చింది. "ఖాళీ కడుపుతో ఎల్తావేటి పరీచ్చకి? కళ్ళు తిరిగి పడిపోతే నన్నంటారు."

లిఫ్ట్ మళ్ళీ పాడైంది. అది బాగున్న రోజు చెప్పుకోవాలి గాని పాడైన రోజు కాదు. వాచ్‌మన్ కింద నుంచి చూసి, "కుర్సీ లావూఁ, ఆంటీ?" అని అరిచాడు.

"అక్కర్లేదు భయ్యా," అంది ఇంద్రాణి.

ఎక్కడం కంటే దిగడమే కష్టం తొడలకి. ఆ సంగతి శ్రీవల్లి ముందే చెప్పింది. రైలింగ్ మీద కుడి చెయ్యి ఊరికే ఆనించి, ఒక్కో మెట్టూ పాదం మొత్తం మోపుతూ దిగింది. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకుంది. పైన గుమ్మంలో పార్థసారథి నిలబడే ఉన్నాడు. పిలవలేదు. ఆవిడా తలెత్తలేదు.

*

కారు పాలం ఫ్లైఓవర్ ఎక్కింది.

"పాసైతే నన్ను అశోకా రోడ్ తీసుకెళ్ళాలి," అంది ఇంద్రాణి ఉన్నట్టుండి. "అక్కడి తెలుగు క్యాంటీన్లో మన భోజనానికి."

"మమ్మీ! పప్పు, ఆవకాయ, పెరుగు. నువ్వు ఏదీ తినకూడదు," అంది శరణ్య హిందీలో.

"తినను. నువ్వు తింటుంటే ఎదురుగా కూచుని వాసన చూస్తాను. దానికి డాక్టర్ల పర్మిషన్ అక్కర్లేదుగా?"

శరణ్య నవ్వింది గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఏప్రిల్ ఎండ అద్దంలోంచి కొడుతోంది. పిల్ల మాత్రం మణికట్టుదాకా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గుండీ కూడా పెట్టుకుంది.

"ఈ ఎండలో ఆ చొక్కా ఏమిటే?"

"ఆఫీస్‌లో ఏసీ బహుత్ తేజ్ హై," అంది శరణ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది. సర్ పొద్దున్నే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశారంది.

"పేషెంట్ ఎవరు?" అని హిందీలో అడిగింది ఇంద్రాణి.

"మీరే, ఆంటీ."

"నేను క్యాన్సిల్ చెయ్యలేదు."

"సర్ చేశారు కదా..."

"సర్‌కి పరీక్ష లేదు తల్లీ. నాకుంది. డాక్టరమ్మ వచ్చారా లేదా?"

ఆ గొంతు విని వరసలో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇంద్రాణికి తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఇన్నేళ్ళూ ఆర్మీ క్వార్టర్స్‌లో ఆయన ర్యాంకు వెనకాల నిలబడ్డ మనిషి. ఇప్పుడు ముందు నిలబడటానికి ఎవరూ లేరు. ఎంత బావుందో!

కౌంటర్ అమ్మాయి ఫోన్ ఎత్తింది. రెండు నిమిషాల్లో డాక్టరమ్మే బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో స్టెతస్కోపు. ఇంద్రాణిని ఎగాదిగా చూసి, "నడిచే వచ్చారా?" అంది.

"మూడంతస్తులు దిగి వచ్చాను."

"ఐతే లోపలికి కూడా నడవండి."

ముందు పిడికిలి పరీక్ష. చిన్న పరికరం కుడిచేత్తో నొక్కమంది. తర్వాత గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిపించింది. శరణ్య గోడకి ఆనుకుని గోళ్ళు కొరుకుతోంది. చివరికి ఆ కుర్చీ. అదే కుర్చీ, ఎడమ కాలు దగ్గర రేకు ఊడినది. ఇంద్రాణి దాన్ని మరిచిపోలేదు.

చేతులు గుండెల మీద కట్టుకుంది. ఫిస్టులా చెయ్యి పైకి వచ్చేట్టు పెట్టుకుంది. దానిలో రక్తం జుమ్మని పారడం అరచేతికి తెలుస్తోంది.

లేచింది. కూర్చుంది. లేచింది. కూర్చుంది. మూడోసారికి తొడలు మండాయి. నాలుగోసారి లేచేటప్పుడు నడుం కాస్త ముందుకి వంగింది.

"వో నహీఁ చలేగా."

గుమ్మంలో పార్థసారథి. హవాయి చెప్పులు, పొద్దుటి బనీను మీద గుండీలు తప్పు పెట్టుకున్న చొక్కా. ఆటోలో వచ్చినట్టున్నాడు. మొహమంతా చెమట.

"ఆ ఒక్కటీ చెల్లదు," అన్నాడు, ఈసారి తెలుగులో. "నడుం నిటారుగా రాలేదు."

"పాపా!" అని శరణ్య అరిచింది.

డాక్టరమ్మ అతని వైపు చిరాగ్గా చూసింది. "మాకిది చాలండి. ఇక్కడ పరేడ్ జరగట్లేదు."

ఇంద్రాణి మొగుణ్ణే చూసింది. ఆయన కళ్ళలో పొద్దుటి కోపం లేదు, జాలి అంతకంటే లేదు. తప్పు చేసిన రిక్రూట్‌ని చూసే చూపు అది. చెయ్యలేనివాళ్ళని ఆయన అలా చూడడు. ఆ సంగతి పెళ్ళైన కొత్తలోనే, గ్రౌండ్ పక్కన నిలబడి చూసి తెలుసుకుంది.

"ఆయన చెప్పింది నిజమే డాక్టర్. వంగాను," అంది. "మళ్ళీ చేస్తాను. మొదట్నుంచి."

కూర్చుని, ఊపిరి తీసుకుని, ఐదుసార్లూ చేసింది. ఐదోసారి నిలబడ్డాక వెంటనే కూర్చోలేదు. అలాగే నిలబడి, గుమ్మంలో మనిషి వైపు చూసింది. ఇప్పుడు చెప్పండి అన్నట్టు.

"ఠీక్ హై," అన్నాడు ఉస్తాద్.

డాక్టరమ్మ నవ్వింది. "కాళ్ళ మూలంగా ఇక మిమ్మల్ని ఆపను. ఇదంతా మానకుండా చెయ్యాలి. ఇక దాత విషయం..." అని పార్థసారథి వైపు చూసి ఆగిపోయింది. ఆయన తలదించుకున్నాడు. "మీరిద్దరూ మాట్లాడుకుని రండి. తొందరలేదు," అని ఆవిడ ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

కారిడార్లో బెంచీ మీద పార్థసారథి కూలబడ్డాడు. ఇంద్రాణి ఎదురుగా నిలబడింది. కూచోవాలనిపించలేదు.

"ఏమిటి?"

ఆయన తప్పు పెట్టుకున్న గుండీలు విప్పి, మళ్ళీ సరిగ్గా పెట్టుకోసాగాడు.

"ఏమిటండీ?"

"పోయినవారం నా చివరి టెస్టులు వచ్చాయి. మూత్రంలో ప్రొటీన్ పోతోందట. బీపీ కూడా. మొదటిసారి లేదు, ఇప్పుడుంది." నేలకేసి చూస్తూ చెప్పాడు. "నా కిడ్నీ తియ్యరు. తీస్తే నాకే ముప్పంది డాక్టరమ్మ. ఫెయిలైంది నువ్వు కాదు ఇంద్రా, నేను."

ఇంద్రాణి ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత కోపం వచ్చింది.

"మరి పొద్దున ఆ మాట? కిడ్నీ ఇచ్చేది నేను, ఇస్తానో ఇవ్వనో అని!"

"ఇవ్వలేను అని చెప్పడం కంటే ఇవ్వను అనడం తేలికనిపించింది."

"పరీక్ష క్యాన్సిల్ చేసింది అందుకా?"

"నువ్వు పాసైతే నేను చెప్పాల్సొస్తుంది కదా." ఆయన రెండు చేతులూ ముందుకి చాచి చూసుకున్నాడు. "కిడ్నీ ఇద్దామంటే పనికిరాదన్నారు. నీ చెయ్యి పట్టుకుని లేపడం ఒక్కటీ మిగిలిందనుకున్నాను. ఇవాళ పొద్దున అది కూడా లేదని చూపించావు."

ఇంద్రాణికి ఆ మనిషి మీద ఎంత కోపముందో అంత ప్రేమా ఒక్కసారే పొంగింది. కుడిచెయ్యి చాచింది.

"లేవండి."

"ఉండు. కాసేపు..."

"లేవండి అంటున్నాను."

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. బరువైన మనిషి. ఇంద్రాణి మోకాళ్ళు కాస్త వంచి, పాదాలు నేల మీద నొక్కి పెట్టి లాగింది. తొడలు బిగుసుకున్నాయి, కదలకుండా నిలబడ్డాయి. పార్థసారథి లేచాడు.

"ఇవాళ్టినుంచి మీకూ ఉప్పు బంద్," అంది. "నేను వెయిటింగ్ లిస్టులో పేరు రాయిస్తాను. ఎన్నేళ్ళు పట్టినా సరే. ఎదురుచూడ్డానికి కూడా ఒంట్లో బలం ఉండాలిగా. ఇక బియ్యం డబ్బాలో దాచను. హాల్లో చేస్తాను, మీ ఎదురుగా. తప్పు చేస్తే చెప్పండి. ఆ పని మీకంటే ఎవరికి చాతనవును?"

పార్థసారథి కళ్ళు తుడుచుకుని ఏదో అనబోయేలోగా, వెనకాల శరణ్య గొంతు వినిపించింది.

"లిస్ట్ అక్కర్లేదు."

పిల్ల చొక్కా గుండీ విప్పి, చెయ్యి మడిచింది. మోచేతి లోపలి వైపు దూది, దాని మీద ప్లాస్టర్, చుట్టూ కమిలిన నీలం మచ్చ.

"నిన్న ఇచ్చాను, టెస్టులకి. ఫస్ట్ రిపోర్ట్ వచ్చేసింది. బ్లడ్ గ్రూప్ మ్యాచ్ అయింది." వచ్చీరాని తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "మిగిలిన టెస్టులు ఇవాళ చేయిస్తానన్నాను."

"వద్దు!"

ఇద్దరూ ఒకేసారి అన్నారు. పొద్దుటి నుంచి ఆ మొగుడూ పెళ్ళాలు ఒక్క మాట మీద నిలబడింది ఇదే మొదలు.

"ఎందుకు వద్దు?"

"నీకింకా పెళ్ళి కాలేదు, పిల్లలు..." అని ఇంద్రాణి మొదలుపెట్టింది. "నీ ఒంటి మీద కత్తి పెట్టనిస్తానా? నువ్వు నా మాట విను. నేను చెప్పేది నీ మంచికే..."

అంటూనే ఆగిపోయింది. ఆ మాటలు ఎక్కడో విన్నట్టున్నాయి. పొద్దున్నే, డైనింగ్ టేబుల్ అవతలి నుంచి.

"నువ్వు డంబెల్స్ దాచినప్పుడు నేను ఒక్క మాటన్నానా మమ్మీ?" అంది శరణ్య. "కాళ్ళు నావి అన్నావు. పాపా నిన్ను ఆపితే తప్పు. నువ్వు నన్ను ఆపితే?"



లోపలి తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టి, దాతని లోపలికి రమ్మంటూ, "డోనర్ కౌన్ హై? అందర్ ఆయియే," అంది.

శరణ్య ముందుకి అడుగేసింది. ఇంద్రాణి కుడిచెయ్యి చటుక్కున వెళ్ళి కూతురి మణికట్టు పట్టుకుంది. ఇన్ని నెలలుగా కూడబెట్టుకున్న బలమంతా ఆ పిడికిట్లోకి వచ్చింది.

"ఛోడో, మమ్మీ," అంది శరణ్య మెల్లగా.

ఇంద్రాణి వదల్లేదు.